పదకొండో నంబరు హెచ్చరిక

సముద్రంలో వాయుగుండం పుడితే కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఒకటో నంబరైతే అదెక్కడో దూరాన ఉంది, మన నారుమళ్ల పని మనం చూసుకోవచ్చు. మూడో నంబరుకి పడవలు పైకి లాక్కుంటారు. పదో నంబరు వచ్చిందంటే గొడ్డూ గోదా విప్పేసి తుఫాను షెల్టరుకి నడవాల్సిందే. ఆ పైన పదకొండో నంబరు ఒకటుంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక చెప్పేవాడు లేడు, ఎవరి తిప్పలు వాళ్లు పడండి అని దాని తాత్పర్యం. మా మైపాడు తీరంలో అక్షరం ముక్క రాని ముసలమ్మలకి కూడా ఈ నంబర్లు కంఠోపాఠం.

మా ఇంట్లో ప్రింటరుకి మాత్రం ఉన్నది ఒకే ఒక నారింజరంగు లైటు. కాగితం అయిపోయినా అదే వెలుగుతుంది, కాగితం ఇరుక్కున్నా అదే, ఇంకు ఎండినా అదే, ఊరికే దానికి మనసు బాగాలేకపోయినా అదే. వెలిగే తీరులో భేదాలున్నాయట. నిదానంగా ఆరి వెలిగితే ఒక జబ్బు, గబగబా కొట్టుకుంటే ఇంకో జబ్బు, రెండుసార్లు కొట్టుకుని కాసేపు ఆగితే మరో జబ్బు. ఆ వివరాలున్న పుస్తకం మా బీరువాలో భద్రంగా ఉంది. ఎక్కడెక్కడి భాషలో ఉన్నాయి అందులో, తెలుగు తప్ప. అందుకని ఆ లైటు ఎట్లా వెలిగినా నేను పదకొండో నంబరు కిందే జమ కడతాను.

ఇంట్లో ప్రింటరుంటే అది మన ఒక్కరి సొత్తు అనుకోవడం పట్నం వాళ్ల అమాయకత్వం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు వచ్చాక, సముద్రం హోరు వినపడే ఊళ్లో, జిరాక్సుకి బస్సెక్కి పోవాల్సిన చోట, ప్రింటరున్న ఇల్లు రెండో సచివాలయం. 2020లో కరోనాకి బళ్లు మూసేసి ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టినప్పుడు మనవడి కోసం కొన్నదది. బళ్లు తెరిచారు, మనవడు వాళ్లమ్మా నాన్నలతో వెళ్లిపోయాడు, ప్రింటరు మిగిలింది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన నన్ను ఊరు ఇప్పటికీ అయ్యోరనే పిలుస్తుంది. ఈమధ్య వెనకాల ‘ప్రింటరయ్యోరు’ అంటున్నారని మా ఆవిడ నీళ్ల ట్యాంకు దగ్గర విని వచ్చింది.

మీభూమి వెబ్‌సైట్లోంచి పొలం ఒన్ బీ కావాలన్నా, అడంగల్ కావాలన్నా, రొయ్యల గుంట నీళ్లు పరీక్ష చేసిన ల్యాబు కాగితం కావాలన్నా, ఆధార్ కావాలన్నా అందరూ మా వసారాలోకే. వాళ్లు చెప్పులు విడిచే తీరుని బట్టి నేను పనేమిటో చెప్పేయగలను. గబుక్కున విడిచి లోపలికొస్తే ఒక పేజీ. నెమ్మదిగా విడిచి, రెండూ పక్కపక్కన సర్ది, ‘ఆరోగ్యం బాగుండాదా అయ్యోరా’ అని అడిగితే కలరు.

డబ్బులు తీసుకోను. ఊళ్లో అట్లాంటివి కుదరవు. గుంట పట్టిన రోజున మాత్రం కవర్లో రొయ్యలొస్తాయి. వనామీ రేటు కౌంటుని బట్టి కదా, కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. మా ఇంట్లో ప్రింటు రేటూ అంతే. వంద కౌంటు వచ్చిన ఇంటికి నలుపు తెలుపు, నలభై కౌంటు వచ్చిన ఇంటికి కలరు. ఇది నేను పెట్టిన నిబంధన కాదు, మా ఆవిడ వంటింట్లోంచి నడిపిస్తున్న విధానం.

ఇక ఆ యంత్రం జాతకం. ప్రింటరుని చవగ్గా ఇచ్చి, ఇంకు కార్ట్రిడ్జ్ దగ్గర ముక్కు పిండి వసూలు చేయడం ఈ వ్యాపారంలో మొదటి సూత్రం. దాన్ని తిప్పికొట్టింది యూరప్ వాళ్లో అమెరికా వాళ్లో కాదు, ఇండోనేషియాలో చిల్లర షాపుల వాళ్లు. ప్రింటరు పక్కన ఇంకు సీసాలు పెట్టి, సన్నటి గొట్టాలు లోపలికి దోపి, చౌకగా ప్రింట్లు లాగేవాళ్లు. ఎట్లాగూ వీళ్లు ఆగరని చూసి, 2010లో ఎప్సన్ తనే ట్యాంకు పెట్టిన ప్రింటరు చేసి మొదట ఆ దేశంలోనే అమ్మింది. మన దగ్గరా సిరంజీతో కార్ట్రిడ్జిలకి ఇంకెక్కించే కుర్రాళ్లు నెల్లూరులో ఉండేవాళ్లు. సూది గుచ్చే ఒడుపు చూస్తే కాంపౌండరు దగ్గర పనిచేసి వచ్చారా అనిపించేది. మా ఇంటిది ఆ ట్యాంకుల జాతే. కంపెనీ పేరు చెప్పను. చెప్తే ఆ కంపెనీ ప్రింటరున్న వాళ్లు నాకు ఫోన్లు చేస్తారు.

ఇంకు చిమ్మే ఈ పద్ధతి పుట్టుకే ఒక ప్రమాదం. 1977లో జపాన్‌లో కేనన్ కంపెనీ పరిశోధకుడు ఇచిరో ఎండో బల్ల మీద ఇంకు నింపిన సిరంజీ ఉంటే, కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ దాని సూదికి తగిలింది. తగలగానే సూది మొనలోంచి ఇంకు చిట్లి పడింది. వేడికి బుడగ పుడుతుంది, బుడగ ఇంకుని బయటికి నెడుతుంది. ఒక తెగ ప్రింటర్లన్నీ ఆ బుడగ మీదే బతుకుతున్నాయి. ఇంకో తెగ వాళ్లు వేడితో పని లేకుండా, కరెంటు తగిలితే వంగే ఒక స్ఫటికంతో ఇంకుని నొక్కి చిమ్ముతారు. ఏ తెగదైనా, ఇంకు వచ్చే కంతలు తలవెంట్రుక కన్నా సన్నం. పది రోజులు పని చెప్పకపోతే ఆ కంతల్లో నీరు ఆరి రంగు గడ్డకడుతుంది. మా ఊళ్లో అక్టోబరులో మనిషి ఒంటి మీద చెమట ఆరదు, తీగ మీద పంచె ఆరదు, ప్రింటరు ముక్కులో ఇంకు మాత్రం ఆరిపోతుంది. ఇదేం న్యాయమో ఆ సముద్రుడే చెప్పాలి.

ఆరిన కంతలు తెరవడానికి హెడ్ క్లీనింగ్ అని ఒక క్రతువుంది. మీట నొక్కగానే లోపల ఎవరో కుర్చీలు సర్దుతున్నట్టు చప్పుడవుతుంది. తర్వాత గుటకలు. ఆ గుటకలన్నీ మన ఇంకే. ట్యాంకులో గీత దిగిపోతుంది, తాగిందంతా అడుగున ఒక మెత్తలోకి పోతుంది. ఆ మెత్త ఎంత తడిసిందో లెక్క రాసుకునే గుమాస్తా కూడా లోపలే ఉన్నాడు. నిండిందని వాడు తేల్చిన రోజున ఇంకున్నా, కాగితమున్నా ప్రింటరు బందు. ఇంత కట్టుదిట్టమైన ఆడిట్ మన పంచాయతీల్లో ఉంటే రోడ్లు బాగుపడేవి.

క్లీనింగ్ ఫలించిందో లేదో చూడటానికి నాజిల్ చెక్ అని ఒక కాగితం వస్తుంది. నాలుగు రంగుల్లో చిన్న చిన్న అడ్డగీతలు మెట్లు మెట్లుగా ఉంటాయి. నలుపు మెట్లు నిండుగా, నీలం నిండుగా, గులాబి అక్కడక్కడా ఒక మెట్టు ఊడి, పసుపు దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. అసలు పసుపు గీత తెల్ల కాగితం మీద కళ్లజోడు పెట్టుకున్నా కనపడదు. ఉందా లేదా అన్నది ఇంట్లో ఎవరి ఆశావాదాన్ని బట్టి వాళ్లకి. నేను లేదంటాను, మా ఆవిడ ‘ఆ మూల లేతగా ఉంది చూడండి’ అంటుంది.

ఇంకు సంగతి ఇట్లా ఉంటే, కాగితం సంగతి వేరు. మాకు అసలు వానలు నైరుతిలో రావు, ఈశాన్యంలో వస్తాయి. దసరా వెళ్లింది మొదలు డిసెంబరు దాకా అల్పపీడనాల సీజను. ఆ రోజుల్లో రిమ్ము విప్పి బల్ల మీద పెడితే తెల్లారేసరికి కాగితాల అంచులు వంకర్లు తిరిగి ఉంటాయి. గాలిలో తేమని కాగితం పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన కాగితాలు ఒకదాన్నొకటి వదలవు, లాగే రబ్బరు రోలరుకి రెండు మూడు కలిసి వస్తాయి, సగం దూరం పోయి మడతపడతాయి. లేజరు ప్రింటరైతే ఇంకు బదులు పొడి వాడుతుంది కాబట్టి ఎండిపోయే బాధ ఉండదు గానీ, తడి కాగితం దానికీ శత్రువే.

ఈ ఒక్క విషయంలో శాస్త్రీయమైన పరిష్కారం కనిపెట్టింది మా ఆవిడ. వడియాలూ ఊరమిరపకాయలూ మెత్తబడకుండా ఉండే బిగుతు మూత డబ్బా ఒకటి మా అటక మీద ఉంది. రిమ్ముని అందులోకి చేర్చింది. కాగితం ఫెళఫెళలాడుతూ వస్తోంది. కాకపోతే మా ఇంట్లో తీసిన ఆధార్లకి, అడంగళ్లకి ఊరమిరపకాయ వాసన. ఒక ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం అందుకుని, చదవకుండానే ‘అయ్యోరింటిదా’ అన్నాడట.

ఇదంతా తెలిసి కూడా, పోయిన కార్తీకంలో పక్కింటి పెద్దమ్మ చెప్పులు నెమ్మదిగా విడుస్తుంటే నాకు గుండె జారింది. బయట వాన. పొద్దుట్నించీ కరెంటు వస్తూ పోతూ ఉంది. వెనకాల గొడుగు మడుస్తూ ఆమె మనవరాలు.

“అయ్యోరా, బిడ్డకి హాలు టికెట్టు తీసియ్యి. తెల్లారి తిరపతిలో పరీచ్చ. నాలుగింటికి బస్సు. రవంత బిన్నా తీసియ్యి.”

ఉద్యోగ పరీక్ష. ఆ పిల్ల నా దగ్గర పదో తరగతి దాకా చదివింది. కంప్యూటరు తెరిచి, టికెట్టు దింపి, మీట నొక్కాను. నారింజ లైటు వెలిగింది. తెర మీద ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని వచ్చింది. ఆఫ్‌లైన్ అంటే అందుబాటులో లేదని. నా మోకాలు దానికి తగులుతూనే ఉంది.

ప్రింటరు పని చేయకపోతే ఇంట్లో ఎవరేమిటో బయటపడుతుంది. మా బామ్మర్ది నెల్లూరు నుంచి చేపల పులుసుకని వచ్చి వానకి చిక్కుకుపోయాడు. వాడిది విప్పి చూసే సిద్ధాంతం. ఏ వస్తువైనా ఒకసారి విప్పి బిగిస్తే బాగవుతుందని నమ్మకం. మా గోడ గడియారం ఆ నమ్మకానికే బలైంది. “బావా, పక్కకి జరుగు” అని మూత ఎత్తాడు. లోపల్నించి బల్లి ఎగిరి స్కానరు అద్దం మీద పడింది. తల మీద పడితే ఏమిటో, భుజం మీద పడితే ఏమిటో పంచాంగంలో ఉంది గానీ, స్కానరు మీద బల్లిపాటుకి ఫలితం ఏ సిద్ధాంతీ రాయలేదు. ట్రే మూలన తెల్లటి గుడ్లు రెండు. కరెంటున్నంతసేపూ లోపల వెచ్చగా ఉంటుంది కదా, దానికి అంతకన్నా మంచి పురిటిల్లు ఎక్కడ దొరుకుతుంది? “తీసి పారెయ్యబాకు, పాపం” అని మా ఆవిడ అగ్గిపెట్టె తెచ్చింది. గుడ్లు అగ్గిపెట్టెలోకి, అగ్గిపెట్టె దేవుడి గూట్లోకి మారాయి. లైటు మారలేదు.

విప్పినవాడు ఊరుకుంటాడా, హెడ్ క్లీనింగ్ మొదలుపెట్టాడు. ఒకటి అయ్యాక ‘ఇంకొక్కటి’ అన్నాడు. నల్ల ట్యాంకులో గీత దిగుతూనే ఉంది.

ఇంతలో ఎదురింటి రొయ్యల ఆసామి టార్చిలైటుతో వచ్చాడు. ఆయనది కరెంటు సిద్ధాంతం. లోకంలో ఏ కష్టమొచ్చినా ఓల్టేజీయే కారణం. “గుంటల కాడ ఏరియేటర్లన్నీ ఒక్కతూరే ఏసినారు అయ్యోరా. లైను పడిపోయి ఉండాది. నా జనరేటరు లాక్కొస్తా, దానికి తగిలిద్దాం.” చెరువులో నాలుగు చక్రాలు తిప్పే జనరేటరు మా ప్రింటరుకి తగిలిస్తే ఏమవుతుందో తలుచుకుని, ఇన్వర్టరుందిలే అని కూర్చోబెట్టాను. ఆయన వెళ్లలేదు. వాన కదా. మా ఆవిడ అందరికీ టీ పెట్టింది.

హైదరాబాద్‌లో మేనల్లుడికి ఫోన్ చేశాం. సాఫ్ట్‌వేరు. “మామా, రీస్టార్ట్ చేశావా?” అన్నాడు. ఆ కులానికి అది నమస్కారం లాంటిది, ఏదో ఒకటి బదులు చెప్పాలి, చెప్పాను. అప్పుడు అసలు విషయం తేల్చాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటరు నిద్రలేచి ఇంట్లో ఉన్న వస్తువులన్నిటికీ మళ్లీ కొత్తగా నంబర్లు పంచుతుంది. పొద్దున ప్రింటరుకి ఉన్న నంబరు సాయంత్రానికి ఇంకెవరికో పోయింది. కంప్యూటరు మాత్రం పాత నంబరుకే కేకలేస్తోంది. అటునుంచి పలికేవాడు లేడు, కాబట్టి ఆఫ్‌లైన్.

“ఇంకేం లేదు మామా, వైఫై వదిలేసి వైరు పెట్టు. కొన్నప్పుడు ఇచ్చుంటారే, యూఎస్‌బీ వైరు.”

ఆ వైరు కోసం ఇల్లంతా వెతికాం. చివరికి మా ఆవిడే, తనకేమీ తెలియనట్టు, పడగ్గదిలోకి వెళ్లి దోమతెర నాలుగో మూల విప్పుకొచ్చింది. బలమైన వైరు. ఐదేళ్లుగా మా దోమతెరని ఒంటిచేత్తో నిలబెట్టింది. దాన్ని తగిలించగానే ‘సిద్ధంగా ఉంది’ అని తెర మీద వచ్చింది. అందరం లేచి నిలబడ్డాం. లైటు మళ్లీ వెలిగింది.

ఈసారి కారణం అమెరికా. ఆ కంప్యూటరు మా అబ్బాయి అక్కణ్ణుంచి తెచ్చిచ్చింది. ప్రపంచమంతా 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడుగు ఉన్న ఏ4 వాడుతుంది. 1922లో జర్మనీ వాళ్లు తేల్చిన కొలత అది. సగానికి మడిచినా పొడుగు వెడల్పుల నిష్పత్తి చెడని పద్ధతి. అమెరికా, కెనడా లాంటి కొన్ని దేశాలకి మాత్రం లెటర్ అని తమ కాగితం తమదే: 216, 279. కాస్త లావు, కాస్త పొట్టి. కంప్యూటరు ఆ పొట్టి కాగితం పంపుతుంది, ట్రేలో పొడుగు కాగితం చూసి ప్రింటరు నిలబడిపోతుంది. చదరపు మైళ్లకి చదరపు మైళ్లు ఆక్రమించిన వాళ్లు అరంగుళం దగ్గర పట్టు పడతారెందుకో. సెట్టింగు మార్చి, మళ్లీ నొక్కి చూస్తే, వరస బయటపడింది.

ప్రింటు కోసం పంపినవన్నీ లోపల ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. దాన్ని నడిపేవాడు స్పూలర్. మా ఊళ్లో వరస తప్పకుండా నిలబడేవి ఆ ఫైళ్లొక్కటే. రేషను షాపు దగ్గర లేదు, బ్యాంకులో లేదు, పెళ్లి బంతిలో అసలే లేదు. ఇక్కడ మాత్రం సిఫారసు చెల్లదు; ముందున్నవాడు కదిలితేనే వెనకవాడు. తెర మీద చూస్తే హాల్ టికెట్లు బారుగా ఉన్నాయి. నేను నొక్కినవి, బామ్మర్ది నొక్కినవి, ఆ పిల్ల నొక్కినవి, నేను టీ తాగుతుంటే ఆసామి ‘చూద్దాం’ అని నొక్కినవి. వాటన్నిటికీ ముందు, రథం దగ్గర ఏనుగులా, నలభై ఎనిమిది పేజీల విష్ణు సహస్రనామం. పెద్ద అక్షరాలు, ప్రతి పేజీకి రంగుల అంచు. మా మరదలు వాట్సాప్‌లో పంపితే ఏకాదశి నాడు మా ఆవిడ కంప్యూటర్లోకి దింపి నొక్కిందట. ఆనాటినించీ స్వామి క్యూలోనే ఉన్నాడు.

“దాన్ని డిలీట్ చెయ్ మామా,” అన్నాడు మేనల్లుడు.

“ఎవర్రా డిలీట్ చేసేది?” అంది మా ఆవిడ. ఫోన్ స్పీకర్లో ఉంది. అవతల నిశ్శబ్దం.

“పోనీ అత్తా, పాజ్ చేద్దాం. హాల్ టికెట్ వచ్చాక మళ్లీ…”

“సహస్రనామం మధ్యలో ఆపకూడదు.”

ఆ పిల్ల నా వంక చూసింది. నేను పెద్దమ్మ వంక చూశాను, మనవరాలి పరీక్ష కాబట్టి ఆవిడైనా గట్టిగా మాట్లాడుతుందని. పెద్దమ్మ రెండు చేతులూ జోడించి ఉంది. “స్వామిది రానీ అయ్యోరా. ఆయన దయ లేంది బిడ్డకి మార్కులెట్టొస్తాయి? తెల్లార్లూ టైముండాది గదా.”

సరిగ్గా అప్పుడు ఇన్వర్టరు కూడా పోయింది. కరెంటు వచ్చేదాకా చీకట్లో కూర్చుని చేసేదేముంది, కబుర్లు తప్ప. తెలుగు మేష్టరు పక్కన చీకట్లో చిక్కిన వాళ్లకి తిక్కన రాక తప్పదు. ఈ నెల్లూరులోనే కదా ఆయన భారతంలో పదిహేను పర్వాలు చెప్పింది. కుమ్మరి గురునాథుడు రాసేవాడట. ఇద్దరికీ ఒప్పందం: ఈయన చెప్పడం ఆపకూడదు, ఆయన రాయడం ఆపకూడదు, మళ్లీ చెప్పమని అడగకూడదు. ఒకచోట తిక్కనకి మాట తోచక, ఏం చెప్పేది గురునాథా అని నిట్టూరిస్తే, ఆ నిట్టూర్పు కూడా ఛందస్సులో ఇమిడిపోయి పద్యంలో కలిసిందని చెప్పుకుంటారు. అది విని మా బామ్మర్ది “ఆయనకి ఇంకెవరు పోసేవాళ్లు బావా” అన్నాడు. ఇదే గడ్డ మీద వావిళ్ల నుంచి వెళ్లిన రామస్వామి శాస్త్రులు గారు 1854లో మద్రాసులో ప్రెస్సు పెడితే, తెలుగు దేశంలో పుస్తకమున్న ప్రతి ఇంటికీ వావిళ్ల వారి ముద్ర చేరింది. సీసపు అక్షరాలు, చేత్తో ఏర్చి, చేత్తో పేర్చి. మనకి ఒక్క పేజీ రావడం లేదు.

మేనల్లుడు ఫోన్లోంచి తన పురాణం అందుకున్నాడు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. పాత ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా దాని ప్రోగ్రాము మార్చుకున్నాడు. తర్వాత జిరాక్స్ కంపెనీ ఇచ్చిన కొత్త లేజరు ప్రింటరుకి అట్లా చేద్దామంటే ప్రోగ్రాము చూడనివ్వలేదు. అది ఉన్నాయన దగ్గరికే వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు. ఆ మంట మనసులో ఉండిపోయింది. 1983లో గ్నూ అని ప్రకటించి, ప్రోగ్రాములు అందరికీ స్వేచ్ఛగా అందాలన్న ఉద్యమం లేవదీశాడు. “ఇవాళ సగం ఇంటర్నెట్ దాని మీదే నడుస్తోంది మామా.”

“ఆయన ప్రింటరు బాగైందా?” అని అడిగాడు ఆసామి.

మేనల్లుడికి జవాబు తోచలేదు. మా వాళ్ల ప్రశ్నలు ఎప్పుడూ ముల్లు దగ్గరే గుచ్చుకుంటాయి.

కరెంటొచ్చింది. మేనల్లుడు చెప్పినట్టు స్పూలర్ని ఒకసారి ఆపి, ఏ ఫైలూ ముట్టుకోకుండా, మళ్లీ లేపాం. అంతే. ఇన్నాళ్ల జబ్బు అదొక్కటే అన్నట్టు, ప్రింటరు గొంతు సవరించుకుని మొదటి పేజీ లోపలికి లాక్కుంది. శంఖచక్రాల బొమ్మతో స్వామి దయచేశాడు. ఊరమిరపకాయ వాసన గుప్పుమంది. మా ఆవిడ వచ్చిన పేజీ వచ్చినట్టు అందుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. ఆవిడ వేగం ఎక్కువ, దాని వేగం తక్కువ. పేజీ చివరికొచ్చి ఆగి, తర్వాతి పేజీ కోసం తల ఎత్తి, అది సగం బయటికి రాగానే వంగి చదివేది. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. ఆసామి చెప్పులు వసారా అంచుకి జరిపి బాసింపట్టు వేసుకున్నాడు. నలభై ఎనిమిది పేజీలు ఎంతసేపు పట్టిందో ఆ పిల్లనడిగితే చెప్తుంది. గోడకానుకుని గడియారమే చూస్తూ ఉంది, అది మా బామ్మర్ది విప్పిన గడియారమైనా సరే.

మంగళం పాడేసరికి నల్ల ఇంకు పూర్తి. బామ్మర్ది తాగించింది కొంత, సహస్రనామం తాగింది మిగతాది. ఇంటి సీసాలో చుక్క లేదు. వెనకాల హాల్ టికెట్లు వరసగా వచ్చాయి: పిల్ల ఫోటో ఉంది, పేరు లేదు. పరీక్ష కేంద్రం లేదు, తేదీ లేదు. నలుపులో ఉండాల్సిందంతా తెలుపు. తీసి తీసి ఒక దొంతర పెట్టాం.

“కంగారు పడబాక మామా,” అన్నాడు మేనల్లుడు. ఆవులింత వినపడింది. “కాగితం రకం దగ్గర ఫోటో పేపర్ అని పెట్టు. అప్పుడది నల్ల ట్యాంకు జోలికి పోదు. నీలం, గులాబి, పసుపు కలిపి తనే నలుపు చేసుకుంటుంది.”

మంచి ఉపాయమే. ఆ మూడూ కలిస్తే నలుపే. కానీ మా పసుపు సంగతి మీకు తెలుసు. నీలమూ గులాబీ కలిసి, పసుపు రాక, కాగితం మీద పడ్డదంతా చిక్కటి నీలం. పేరు నీలం, సంతకం నీలం, కింద నిబంధనలు నీలం. ఫోటోలో పిల్ల నీలమేఘశ్యామ.

“ఆయన ఎనకాల్నే వచ్చింది గదమ్మా, ఆ రంగు అంటింది. ఇంకేం గావాలి?” అని పెద్దమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. ఆసామి తన బండి మీద ఇద్దర్నీ బస్సు దగ్గర దించాడు.

మర్నాడు ఆ పిల్ల ఫోన్ చేసింది. గేటు దగ్గర నీలం బార్‌కోడు స్కానవ్వలేదట. పక్క సందులో జిరాక్సు షాపుకి పరిగెత్తి పది రూపాయలిచ్చి ఇంకోటి తీయించుకుందట. పరీక్ష బాగానే రాసింది. రెండో పేపరులో తిక్కన మీద ప్రశ్న వచ్చిందని మాత్రం చాలా నెమ్మదిగా చెప్పింది, నాకది ప్రశంసో ఫిర్యాదో తేలలేదు.

బామ్మర్ది పులుసు తిని, నల్ల ఇంకు సీసా పంపిస్తానని వెళ్లాడు. పంపలేదు. పేర్లు లేని హాల్ టికెట్ల వెనకవైపు ఆసామి మేత లెక్కలు రాసుకుంటున్నాడు. గూట్లో అగ్గిపెట్టె తెరిచి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

వారం తిరక్కుండా సాయంత్రం వసారాలో చెప్పుల చప్పుడు. నెమ్మదిగా విడిచి, రెండూ పక్కపక్కన సర్దిన చప్పుడు. పెద్దమ్మ చేతిలో కవరు. లోపల, మా ఆవిడ చూపులోనే తూచేసింది, నలభై కౌంటు.

“అయ్యోరా, మొన్న రేత్తిరి వచ్చింది చూడు సహస్రనామం, మా వదినకి ఒకటి తీసియ్యి. నల్లగా ఒద్దు. బిడ్డ టికెట్టు మాదిరి నీలంగా రానీ.”